పెదనాన్న కారుకి కుడి కన్ను

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోను మోగితే వీధిలో నలుగురూ తలతిప్పి చూడడం మానేసిన కొత్తల్లో, మా ఏలూరులో కారు కొనడం కూడా వింత కాకుండా పోయింది. చేపల చెరువులు కలిసొచ్చినవాళ్ళు, బ్యాంకువాళ్ళు పిలిచి మరీ అప్పిస్తున్నారని కనిపెట్టినవాళ్ళు, చిన్నచిన్న కార్లు కొనేసి, ముందు నిమ్మకాయలు వేలాడదీసో, వెనక అద్దం మీద బైబిలు వాక్యం రాయించుకునో ఝామ్మని తిరిగేవారు. అలాంటి కాలంలో మా కుటుంబానికి ఉన్న కారు గురించి చెప్పాలంటే నాకు ముందు నవ్వొస్తుంది, తర్వాత కాస్త సిగ్గేస్తుంది. మాది అమెరికా కారు. అమెరికా పేరు తగిలించుకుని ఇక్కడెక్కడో తయారైన బాపతు కాదు, అచ్చంగా ఓడెక్కి వచ్చిన కారు. కంపెనీ పేరు మాత్రం రాయను. ఆ కంపెనీ పెట్టినవాళ్ళ వంశంవాళ్ళు ఎక్కడైనా ఉండి, మా పెదనాన్న ఆ కారుకి చేసిన వైద్యాల సంగతి తెలుసుకుంటే పాపం బాధపడతారు.

మా తాతయ్య మిషను బంగళాలో డ్రైవరు. అక్కడి ఆసుపత్రి చూసుకునే దొరసానిగారు తన దేశం నుంచి ఆ కారు తెప్పించుకున్నారట. ఏళ్ళ తరబడి తిప్పుకుని, పెద్దతనం వచ్చి వెళ్ళిపోయేటప్పుడు, "దీని మనసు నీకొక్కడికే తెలుసు, నువ్వే ఉంచుకో" అని తాళాలు తాతయ్య చేతిలో పెట్టేశారట. తాతయ్య ఓపికున్నన్నాళ్ళు నడిపి, పెట్రోలు పొయ్యలేక చివరికి పెరట్లో గడ్డివాము పక్కన పాకలో పెట్టేశారు. నాకు ఊహ తెలిసేసరికి అది కారని నాకెవరూ చెప్పలేదు. కోళ్ళు గుడ్లు పెట్టే ఇనప గది అనుకునేదాన్ని. (నాన్నమ్మ "కార్లో చూసిరావే అమ్మడూ, ఎన్ని పెట్టిందో" అంటే వెనక సీటు గడ్డిలో చెయ్యి పెట్టి తడిమేదాన్ని. కారంటే కోళ్ళగూడుకి మరో పేరనుకున్నాను చాలాకాలం.)

మా పెదనాన్న హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన రిటైరైన మర్నాటి నుంచే ఇంట్లో అందరికీ కసరత్తులు మొదలుపెట్టబోతే, మా దొడ్డమ్మ (అంటే పెదనాన్న భార్య) చేతిలో గరిటె ఊపుతూ, "ఏవండీ, మీకంత ఊసుపోకపోతే పాకలో ఆ కారుందిగా, దాంతో చేయించండి డ్రిల్లు!" అంది. అంతే. ఆ మాట ఎందుకన్నానా అని దొడ్డమ్మ జీవితాంతం నెత్తి కొట్టుకుంది. పెదనాన్న కోళ్ళను వెళ్ళగొట్టి కారు కడగడం మొదలుపెట్టారు. దానికి కావలసిన సామాన్లు ఇండియాలోనే కాదు, అమెరికాలోనూ దొరకవని తేలింది. ఆయనేం వెనక్కి తగ్గలేదు. రేడియేటరు గొట్టం కొల్లేట్లో చేపల చెరువులకి నీళ్ళు తోడే ఇంజనుది. ఫ్యాను బెల్టు రైసుమిల్లుది. హారను లారీది. కుడి వైపు తలుపు పిడి మా ఇంట్లో పాత బీరువాది. పని పూర్తయ్యేసరికి అందులో అమెరికాది అనదగ్గది దాని పొడుగొక్కటే మిగిలింది. ఆ పొడుగు మాత్రం ఎవరూ తగ్గించలేకపోయారు. మా వీధి మలుపు తిరగాలంటే కారు ముక్కు ఎదురింటి అరుగుని తాకేది, తోక మా గేటు దాటేది కాదు.

ఇక ఆ కంపెనీ చరిత్ర! ఎవరైనా వచ్చి "ఏం కారండీ ఇది మాస్టారూ?" అన్నారో, వాళ్ళ పని అయిపోయినట్టే. "కూర్చోండి, చెప్తాను" అనేవారు పెదనాన్న. ఇద్దరు అన్నదమ్ములట. అందులో ఒకాయన ఎవరి దగ్గరో కారు కొనుక్కుంటే దారిలో ఆగిపోయిందట. వెళ్ళి అడిగితే ఆ అమ్మినాయన, "అంత తెలిసినవాడివైతే నువ్వే చేసుకోవయ్యా" అన్నాడట. "ఇంకేవుందండీ, రోషం వచ్చేసింది. చేసి పారేశారు. రోషంలోంచి పుట్టిన కారండీ ఇది!" అంటూ తొడ చరిచేవారు పెదనాన్న, ఆ రోషం తనకే వచ్చినట్టు. అక్కణ్ణుంచి అమెరికాలో పెద్దపెద్దవాళ్ళు, మన దేశంలో మహారాజులు, అందరూ ఆ కార్లే ఎక్కారని చెప్పేవారు. తర్వాత ఖరీదైన కార్లతో పాటు కాస్త చవకవి కూడా చెయ్యబోయి పరువు పలచబడడం, ఇంకో కంపెనీతో కలవడం, చివరికి ఆ పేరే లేకుండా పోవడం చెప్పేటప్పటికి ఆయన గొంతు బొంగురుపోయేది. సొంత మేనమామ ఆస్తి పోయినంత బాధ.

కార్లో దొరికిన పాత పత్రిక కాగితం ఒకటి ఆయన ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నారు. అది ఆ కంపెనీవాళ్ళ ప్రకటన. మా కారు అంత గొప్పది ఇంత గొప్పదని అందులో ఒక్క ముక్క లేదు. దీని సంగతి తెలియాలంటే ఈ కారు ఉన్నవాణ్ణి అడగండి, అని మాత్రమే ఉంది. "చూశారా ధీమా!" అని పెదనాన్న వేలెత్తి చూపించేవారు. లోపల్నుంచి దొడ్డమ్మ గొంతు వినిపించేది: "ఉన్నాయన్ని కాదండీ, ఉన్నాయన పెళ్ళాన్ని అడగమనండి. పెట్రోలు ఎంత తాగుద్దో నేను చెప్తాను."

ఇంతకీ నా పాత్రకి వస్తాను. అమెరికాలో బళ్ళు రోడ్డుకి కుడి పక్క నడుస్తాయి, అందుకని స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. మన రోడ్డు మీద అలాంటి కారు తోలేవాడు ఎడమ అంచున కూర్చుంటాడు కాబట్టి, ముందున్న లారీని దాటాలంటే ఎదర ఏమొస్తోందో అతనికి బొత్తిగా కనపడదు. కుడి వైపు సీట్లో ఇంకొకరు కూర్చుని చూసి చెప్పాలి. పూర్వం ఆ పని తాతయ్యకి దొరసానిగారే చేసేవారట. ఇప్పుడు దొడ్డమ్మ "నా వల్ల కాదు, నాకు లారీ కనపడితే కళ్ళు మూసుకుపోతాయి" అనేసింది. మా నాన్న ఆఫీసు పనుందని తప్పించుకున్నారు. మిగిలింది నేను. బీఎడ్ అయి, తాడేపల్లిగూడెంలో ఓ ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరిన కొత్త. వయసు ఇరవై మూడు. కళ్ళు మంచివి, నోరు మెత్తన. "మన అమ్మడు పెదనాన్న కారుకి కుడి కన్ను" అని ఇంట్లో బిరుదు కూడా ఇచ్చేశారు.

కళ్ళకేం ఇబ్బంది లేదు గానీ, నోటితోనే వచ్చింది తంటా. మా ఇంట్లో పెద్దవాళ్ళతో అండీ లేకుండా మాట్లాడితే మా అమ్మ కళ్ళెర్రజేసేది. ఆ అలవాటుకొద్దీ నేను, "పెదనాన్నా, ఎదర ఏదో బండి వస్తున్నట్టే ఉందండీ, కానీ ఇంకా దూరంలోనే ఉన్నట్టుందండీ, మీకు మరీ తొందరైతే వెళ్ళొచ్చేమోనండీ, లేదు కాస్త ఆగుదామంటే..." అని చెబుతుండగానే ఆ బండి రావడం, మమ్మల్ని దాటిపోవడం కూడా అయిపోయేది. "అమ్మడూ! నేనడిగింది ఎదర ఖాళీయేనా అని. అవును, కాదు, అంతే! ప్రసంగం కాదు!" అని పెదనాన్న స్టీరింగు మీద గుద్దేవారు. మళ్ళీ వచ్చేసారి గట్టిగా "కాదు!" అందామనుకుంటానా, తీరా నోరు తెరిస్తే "కాదేమోనండీ" అని వచ్చేది. ఏం చెయ్యను!

చివరికి పెదనాన్న తన డ్రిల్లు విజిలు తెచ్చి నా మెడలో వేశారు. "ఒక విజిలంటే ఆగు. రెండంటే పోనీ. బస్సులో కండక్టరు వేస్తాడే, అలాగ" అన్నారు. ఉపాయం బానే పనిచేసింది. కాకపోతే విజిలు వినగానే రోడ్డు పక్క నిలబడ్డవాళ్ళు గంపలూ సంచులూ ఎత్తుకుని మా కారు వెంట పరుగెత్తేవారు. అంత పొడుగు బండి, పైగా విజిలు వేస్తోంది. బస్సనుకోక ఏమనుకుంటారు! అలా పరుగెత్తుకొచ్చినవాళ్ళని వద్దని చెప్పడం మా వాళ్ళ రక్తంలో లేదు. "రండి, రండి, సర్దుకుందాం" అని దొడ్డమ్మ జరిగేది. చర్చికని బయల్దేరిన మేము ఓసారి ఇద్దరు ముసలమ్మల్నీ, ఓ కోడిపుంజునీ, ఒక కిరసనాయిలు డబ్బానీ భీమడోలులో దింపి వచ్చాం. (చర్చి మా వీధి చివరే ఉంది.)

ఇంకో ఇబ్బంది, అసలైన ఇబ్బంది, మాకు తర్వాత గానీ అర్థం కాలేదు. మన దేశంలో కుడి వైపు కూర్చున్నవాళ్ళే డ్రైవరని అందరి నమ్మకం. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి కనపడేది నేను. చేతిలో స్టీరింగు లేదు. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, జామకాయ కొరుక్కుంటూ, తలలో పూలు సర్దుకుంటూ దర్జాగా పోతున్నాను. ఓసారి రైలు గేటు దగ్గర ఓ పోలీసాయన నా కిటికీ దగ్గరికొచ్చి లైసెన్సు అడిగాడు. "నాకు లేదండీ" అన్నాను వినయంగా. "లేకుండానే తోలేస్తున్నారా?" "నేను తోలడం లేదండీ." ఆయన లోపలికి తొంగిచూశాడు. నా ముందు స్టీరింగే లేదు. పాపం, ఆయన మొహం చూసి తీరాలి. "మరి ఏవైందమ్మా అది?" అన్నాడు, ఎక్కడో పడిపోయిందేమోనన్నట్టు రోడ్డు వెనక్కి చూస్తూ. పెదనాన్న అటు పక్కనుంచి "ఇటు రండి సార్, ఇక్కడుంది" అని పిలిచి, కంపెనీ చరిత్ర మొదలుపెట్టారు. అన్నదమ్ములు ఇంకా కారు చెయ్యకముందే ఆ పోలీసాయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకొక సంబంధం వచ్చింది. తెచ్చింది మా పాస్టరుగారి భార్య. మేమంతా పాస్టరమ్మగారనేవాళ్ళం. అబ్బాయిది ఆకివీడు. చేపల లారీలకి ఐసు సరఫరా చేసే ఐసు ఫ్యాక్టరీ వాళ్ళది. తండ్రి లేడు, తల్లీ కొడుకూ కలిసి నడుపుతున్నారు. ఏప్రిల్ మొదట్లో చూడ్డానికొచ్చారు. అందరూ హాల్లో కూర్చోగానే కరెంటు పోయింది. ఆ ఉక్కలో చెమటలు కక్కుతూ, అందరూ ఫ్రేములో ఉన్న ప్రకటన వైపు చూస్తూ కూర్చుంటే, ఆ అబ్బాయి చడీచప్పుడూ లేకుండా లేచి బయట వాళ్ళ వ్యానులోకి వెళ్ళాడు. ఊకలో దాచిన ఐసు గెడ్డ తెచ్చి, పెరట్లో కడిగి, పగలగొట్టి, అందరి గ్లాసుల్లోనూ వేశాడు. నా గ్లాసులో వేసేటప్పుడు మాత్రం కొంచెం పెద్ద ముక్క వేశాడు. అంతే. నాకు ఆ అబ్బాయే కావాలనిపించింది. సిగ్గెందుకు, ఇన్నేళ్ళయ్యాక చెబితే ఏం పోయింది? ఆ ఐసు ముక్క కరుగుతుందేమోనని నీళ్ళు తాగకుండా గ్లాసు పట్టుకునే కూర్చున్నాను.

"విచారించుకుని కబురు చేస్తామండీ" అని తల్లిగారు చెప్పి వెళ్ళారు. మా వైపు అది రివాజే. అమ్మాయిని చూశాక వీధిలో, చర్చిలో, ఉద్యోగం చేసేచోట నెమ్మదిగా అడిగి తెలుసుకుంటారు. నా గురించి ఎవరినడిగినా మంచే చెబుతారని మా అమ్మకి ధీమా. కబురు రానే వచ్చింది. పాస్టరమ్మగారు మా ఇంటికొచ్చి, కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన కాఫీ కూడా తాగకుండా, "ఏవీ అనుకోకండి. అమ్మాయి బంగారం అంటున్నారావిడ. కానీ..." అని ఆగారు. "కానీ అమ్మాయి కారు తోలుతూ నిద్రపోతుందటండీ" అన్నారు పాస్టరమ్మగారు.

జరిగిందేమిటంటే, ఆ ముందు శనివారం పెదనాన్న నన్ను తీసుకురావడానికి కారేసుకుని తాడేపల్లిగూడెం స్కూలుకొచ్చారు. వారమంతా నిలబడి పాఠాలు చెప్పిన అలసట. ఆ కారు సీటు అసలే పరుపులా ఉంటుంది. రోడ్డు ఖాళీగా ఉంది, దాటడానికి ముందు బండేదీ లేదు. నాకు తెలియకుండానే కళ్ళు మూతలు పడ్డాయి. అదే సమయానికి ఆ తల్లిగారు, మా స్కూల్లో నా గురించి విచారించుకుని, బస్సులో ఏలూరు వస్తున్నారు. బస్సు మా కారుని దాటుతున్నప్పుడు కిటికీలోంచి కిందికి చూశారు. ఎత్తు మీద నుంచి చూసేవాళ్ళకి అటు పక్కనున్న పెదనాన్న కనపడరుగా, కారు కప్పు అడ్డం. కనపడింది నేను. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, మెడలో విజిలుతో. "ప్రభువా!" అని ఆవిడ బస్సులోనే ప్రార్థన చేసేసుకున్నారట. "అంత నిర్లక్ష్యం పిల్లని ఇంటికెలా తెచ్చుకోమంటారు? ఇంటాయన్ని లారీ ప్రమాదంలోనే పోగొట్టుకున్నానండీ నేను" అన్నారట. ఆ చివరి మాట విన్నాక మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

నేను వెళ్ళి పెరట్లో కూర్చున్నాను. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. స్టీరింగు అటుందని ఒక్క మాట చెబితే పోయేదానికి, అబద్ధాలాడి సర్దుకుంటున్నారని ఆవిడ అనుకుంటారేమోనని మా అమ్మానాన్నా నోరు విప్పరట! పెదనాన్నకి సంగతి తెలిసి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. డ్రిల్లులో నిటారుగా నిలబడే మనిషి, భుజాలు జారిపోయి ఉన్నారు. "నా కారు నీ పెళ్ళి చెడగొట్టిందా అమ్మడూ?" అన్నారు. నాకు ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపం ఏమైపోయిందో! "లేదండీ పెదనాన్నా, నా నిద్రే చెడగొట్టిందండీ" అన్నాను. ఆయన కాసేపు మీసం నమిలి, "ఆదివారం ఆకివీడు వెళ్దాం" అన్నారు.

మా అమ్మ లబోదిబోమంది. ఆడపిల్లవాళ్ళు పిలవని పేరంటంలా మగపిల్లాడింటికి వెళ్ళడమేమిటి, అదీ పిల్లని వెంటేసుకుని! "మనం వాళ్ళింటికి వెళ్ళట్లేదు. ఐసు ఫ్యాక్టరీకి వెళ్తున్నాం. ఐసు కొనుక్కోడానికి ఎవరైనా వెళ్ళొచ్చు" అన్నారు పెదనాన్న. "ఏలూరులో ఐసు కరువొచ్చిందా? దేనికండీ ఐసు?" అంది దొడ్డమ్మ. "రేడియేటరుకి!" అని ఆయన కారు తుడుచుకోవడానికి వెళ్ళిపోయారు. మా అమ్మానాన్నా రామన్నారు. పెదనాన్న, దొడ్డమ్మ, నేను బయల్దేరాం. కొల్లేటి రోడ్డు మీద రెండు వైపులా నీళ్ళు, కొంగలు, చెరువు గట్లు, చేపల వాసన. నేను ఆ రోజు కళ్ళు ఎంత తెరిచి కూర్చున్నానంటే ఆకివీడు చేరేసరికి మంటలు పుట్టాయి.

ఐసు ఫ్యాక్టరీ ముందు కారు ఆగగానే లారీలవాళ్ళంతా మూగారు. తల్లిగారు బయటికొచ్చి మమ్మల్ని చూసి ఒక్క క్షణం తెల్లబోయారు. తర్వాత మర్యాద ముందుకొచ్చేసింది. "రండి అన్నయ్యగారూ, రండి వదినగారూ, ఇంతెండలో ఇలా వచ్చారేవిటండీ!" అంటూ వెనకే ఉన్న ఇంట్లోకి తీసుకెళ్ళారు. ఇక భోజనం చెయ్యకుండా వదిలితేనా! కొర్రమీను పులుసు వేసి, "ఇంకో ముక్క, ఇంకో ముక్క" అని కొసరి కొసరి వడ్డించారు. పెళ్ళి మాట వాళ్ళు ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. వద్దనుకున్న సంబంధం వాళ్ళకి కూడా రెండో ముక్క వెయ్యకుండా ఉండలేని మనుషులు. అబ్బాయి గుమ్మం దగ్గర నిలబడి నా కంచంలో ఏం తక్కువైందో చూస్తున్నాడు.

చేతులు కడుక్కున్నాక పెదనాన్న గొంతు సవరించుకుని, "చెల్లెమ్మగారూ, ఒక్కసారి మా కారెక్కండి. ఉప్పుటేరు వంతెన దాకా వెళ్ళొద్దాం. మీరు కాదనకూడదు" అన్నారు. ఆవిడకి భయం, కానీ ఇంటికొచ్చిన పెద్దమనిషి అడిగితే కాదనడమెలా? "అమ్మాయి తోలదు కదండీ?" అన్నారు మెల్లిగా. "చూద్దురుగానీ రండి" అన్నారు పెదనాన్న. గౌరవంగా ముందు సీటు తలుపు తీశారు. ముందు సీటంటే తెలుసుగా, నా సీటే. నేనూ దొడ్డమ్మా వెనక కూర్చున్నాం. పెదనాన్న చుట్టూ తిరిగి వెళ్ళి ఎడమ వైపు ఎక్కి స్టీరింగు పట్టుకునేసరికి ఆవిడ గిరుక్కున అటు తిరిగారు. ఆ స్టీరింగు వంకా, తన ముందున్న ఖాళీ వంకా మార్చి మార్చి చూశారు. "అయితే ఆ రోజు..." అన్నారు. "ఆ రోజు తోలింది నేనేనమ్మా. మా అమ్మడు చూసి చెబుతుందంతే" అన్నారు పెదనాన్న. ఆవిడ "అలాగాండీ" అన్నారు గానీ, "చూసి చెప్పాల్సిన పిల్ల నిద్రపోయిందన్నమాట" అన్నట్టే ఉంది ఆ మొహం. నిజమే మరి. సగం తప్పు తీరింది, సగం మిగిలింది.

వెళ్ళేటప్పుడు ఆవిడే ఎంతో జాగ్రత్తగా చూసి చెప్పారు. చెప్పడం కూడా నా బాపతే. "అన్నయ్యగారూ, అదేదో బస్సల్లే ఉందండీ, తమరి ఇష్టవండీ..." దొడ్డమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. వంతెన దాకా వెళ్ళి తిరుగు ముఖం పట్టాం. పులుసు, ఎండ, కొల్లేటి గాలి, ఆ పరుపు సీటు. ముందు చేపల లారీ ఒకటి నీళ్ళు కార్చుకుంటూ నెమ్మదిగా పోతోంది. దాని నీళ్ళు మా అద్దం మీదే పడుతున్నాయి. పెదనాన్న అటు చూడకుండానే, "చెల్లెమ్మగారూ, ఎదర ఖాళీయేనాండీ?" అన్నారు. ఆవిడ తల ఊపారు. పెదనాన్న కారుని కుడికి తిప్పారు. నాకెందుకో అనుమానం వచ్చి ముందుకు వంగి చూశాను. ఆవిడ నిద్రపోతున్నారు! నోరు తెరిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని. గతుకులకి తల దానంతటదే ఊగుతోంది. ఎదర ఐసు లారీ ఒకటి లైట్లు వేసుకుని మా మీదికే వస్తోంది.

అండీ లేదు, పెదనాన్నా లేదు. మెడలో విజిలు నోట్లో పెట్టుకుని ప్రాణమంతా పెట్టి ఒక్కటే వేశాను. పెదనాన్న కాలు బ్రేకు మీద పడింది, కారు మళ్ళీ ఎడమకొచ్చి రోడ్డంచున ఆగింది. ఐసు లారీ హారను మోగించుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయింది. మేమింకా తేరుకోకముందే, చెరువు గట్టు మీద బస్సు కోసం కూర్చున్న ఓ ఆడమనిషి, ఆవిడ వెనక ఇంకో ఇద్దరు, గంపలెత్తుకుని పరుగెత్తుకొచ్చి కారు తలుపు పట్టుకుని గుంజడం మొదలెట్టారు. "ఆకివీడేనా అమ్మా?" అని కుడి కిటికీలోంచి తల్లిగారినే అడిగారు, డ్రైవరు ఆవిడే అనుకుని.

ఆవిడ మేలుకుని, ముందు వాళ్ళ వంక చూసి, తర్వాత వెనక్కి తిరిగి విజిలు నోట్లో పెట్టుకునే ఉన్న నా వంక చూశారు. "నేను నిద్రపోయానా?" అన్నారు. అవునంటే మర్యాద కాదుగా, దొడ్డమ్మ కొంగల వైపు తిరిగిపోయింది. "తల కూడా ఊపానా?" అన్నారు. పెదనాన్న "కూసంతేనండీ" అన్నారు. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి ఐసంత చల్లగా ఉంది. తర్వాత పెద్దగా ఊపిరి పీల్చుకుని, బయట నిలబడ్డవాళ్ళతో, "ఎక్కండమ్మా, ఆకివీడే. సర్దుకుందాం" అని జరిగి చోటిచ్చారు. ఇల్లు చేరకముందే అబ్బాయి మోటారు సైకిలు మీద రొప్పుకుంటూ ఎదురొచ్చాడు. ఆ ఐసు లారీ డ్రైవరు ఫ్యాక్టరీకి ఫోను చేసి, "బాబూ, అమ్మగారు అమెరికా కారు తోలుతూ నిద్రపోతున్నారండీ, పక్కనున్న పెద్దాయనైనా లేపట్లేదండీ!" అని చెప్పాడట. "అమ్మా, నువ్వు కారెప్పుడు నేర్చుకున్నావే?" అన్నాడు అబ్బాయి కిటికీ దగ్గర బండి ఆపి. కార్లో ఉన్నవాళ్ళమంతా, గంపలవాళ్ళతో సహా, నవ్వడం మొదలుపెడితే ఆగలేదు.

మర్నాడు పాస్టరమ్మగారికి ఆకివీడు నుంచి ఫోనొచ్చింది. "ఇక విచారణలూ అవీ ఏవీ వద్దండీ. ఆ పిల్ల సంగతి ఎవరికైనా కావాలంటే ఆ సీట్లో కూర్చున్నదాన్ని నేను, నన్నడగమనండి" అన్నారట ఆవిడ. పెదనాన్న ఆ మాట విని, ఫ్రేములో ఉన్న ప్రకటన వైపు చూసి సెల్యూటు కొట్టారు. పెళ్ళికి నేను ఆ కారులోనే వెళ్ళాను. కుడి వైపు సీట్లో మా అత్తగారు కూర్చున్నారు. దారిపొడుగునా కాఫీ ఫ్లాస్కు పట్టుకుని, కళ్ళు చిట్లించుకుని.

ఇవన్నీ జరిగి చాలా ఏళ్ళయింది. పెదనాన్న లేరు, మా అత్తగారూ లేరు. ఇప్పుడు నాకు సొంత చిన్న కారుంది, స్టీరింగు ఎక్కడుండాలో అక్కడే ఉంది. మా ఆయన పక్కన కూర్చుని "వెళ్ళొచ్చేమో, ఆగితే మంచిదేమో" అంటుంటే, "అవును, కాదు, అంతే చెప్పండి, ప్రసంగం వద్దు!" అని కసురుతుంటాను. కసిరాక నా నోట పెదనాన్న గొంతు విని నేనే ఉలిక్కిపడతాను. ఆ మెత్తని నోటి పిల్ల ఎటు పోయిందో!

అమెరికా కారు ఏలూరులో పెదనాన్న కొడుకు, మా అన్నయ్య షెడ్డులో ఉంది. మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు చూడాలనిపించింది. బీరువా పిడి పట్టుకుని లాగితే కుడి తలుపు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను. అదే పరుపు సీటు, కాస్త గడ్డి వాసన. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని తల వెనక్కి వాల్చాను. ఎడమ పక్కనుంచి "అమ్మడూ, ఎదర ఖాళీయేనా?" అన్నట్టనిపించింది. ఎదర షెడ్డు గోడ, గోడకి ఆనించి మా అన్నయ్య మనవడి సైకిలు ఉన్నాయి. అయినా, "ఖాళీయేనండీ పెదనాన్నా, వెళ్ళిపోదాం" అన్నాను. ఎంతసేపలా ఉన్నానో తెలియదు. కళ్ళు తెరిచేసరికి మా ఆయన కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు, చేతిలో ఐసు వేసిన మంచినీళ్ళ గ్లాసుతో.

"నోరు తెరిచి నిద్రపోకు" అన్నారు. "బస్సులోంచి ఎవరైనా చూస్తారు."